నాని బ్యాగ్

హజీరా, సూరత్
14 మార్చి 2022

ప్రియమైన మాస్టారికి,

ఫోన్లో రెండు నిమిషాలు దాటితే దెబ్బలాడుకుంటాం, ఉత్తరాల్లో అయితే కనీసం ఆలోచించి దెబ్బలాడుకుంటాం అని ఈ పద్ధతి పెట్టింది నేనే. అప్పుడే ఏడాది కావస్తోంది. కాలేజీలో తెలుగు చెప్పే మొగుడికి రాసే ఉత్తరం కదా, తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపకండి.

సంగతేమిటంటే, ఓడలో మన గది ఖాయమైంది. జూన్ పద్దెనిమిదిన నార్వేలో ఎక్కుతాం. పది రోజులు. మన పెళ్ళిరోజు నడిసముద్రంలో వస్తుంది. పాతికేళ్ళకి నాకు ఒక మంచి బహుమతి ఇవ్వమంటే ఎప్పుడూ చీరే అంటారు, చీరల ఊళ్ళో ఉన్నదానికి చీరేమిటండీ? ఈ నెలాఖరు నుంచి విమానాలు కూడా మామూలుగా తిరుగుతాయంటున్నారు. రెండేళ్ళుగా ఈ మహమ్మారి మనల్ని కదలనివ్వలేదు. ఇప్పుడు కదులుదాం.

సర్దడం మొదలుపెట్టాను. రోజుకి ఒక్కో వస్తువు. మా వంటమనిషి ఎల్లవ్వ మీకు తెలుసుగా, జగిత్యాల వైపు మనిషి, పర్వత్ పాటియా నుంచి వస్తుంది. వాళ్ళాయన బక్కయ్య మగ్గాల మీద పని చేస్తాడు. ఉన్నిబట్టల కోసం ఆవిణ్ణి సలాబత్‌పురాకి పంపాను. సాయంత్రానికి వట్టి చేతులతో వచ్చి, "సీరెలంటె నూరు సూపెడ్తరు గని, స్వెటరంటె నన్ను పిచ్చిదాన్ని జూసినట్టు జూస్తుండ్రమ్మా. ఎండ జూసినవా, గీ ఎండల గొంగడి అడుగుతరా?" అని నామీద ఎగిరింది. చివరికి ఆన్‌లైన్లో తెప్పించాను. బయట ముప్పైతొమ్మిది డిగ్రీలు, లోపల నేను ఏసీ పెట్టుకుని థర్మల్ తొడిగి అద్దంలో చూసుకోవడం. నవ్వుకోండి.

అక్కడ వేసవిలో కూడా పది డిగ్రీలట. వాన ఎప్పుడు వస్తుందో తెలియదట. లావుపాటి కోటు ఒకటి వేసుకునే కన్నా పల్చటివి ఒకదాని మీద ఒకటి వేసుకుని, వేడెక్కితే ఒక్కొక్కటే తీసేయాలట. ఉల్లిపాయలాగా. మన పెద్ద సూట్‌కేసులో మీ థర్మళ్ళు, వానకోటు, మందపాటి మేజోళ్ళు, కరివేపాకు పొడి పెట్టాను. మంకీ క్యాపు పెట్టలేదు. ఫొటోల్లో నా పక్కన మీరే ఉండాలి కానీ రాత్రి కాపలా మనిషి కాదు. అర్ధరాత్రి కూడా సూర్యుడు ఉంటాడట కాబట్టి నిద్రకి కళ్ళగంతలు మూడు కొన్నాను.

నాని బ్యాగ్‌లో ఇంకా సగం ఖాళీ ఉంది. మీ పాత నీలం స్వెటరు అందులో పెట్టాను. నాని బ్యాగ్ ఐదు కిలోలు దాటకూడదు, ఆ విషయంలో నేను ఖచ్చితం. పెద్ద సూట్‌కేసు మాత్రం మీరే మొయ్యాలి, ముందే చెబుతున్నాను.

ఓడలో గొప్పేమిటంటే, మనం ఎక్కడికీ పోనక్కర్లేదు. గది కిటికీ దగ్గర కూర్చుంటే మంచుకొండలూ ఊళ్ళూ వాటంతటవే మన దగ్గరికి నడిచొస్తాయి.

వేళకి తినండి.

మీ మాట ఎప్పుడూ వినని,
సుమతి

*

ఖమ్మం
22 మార్చి 2022

ప్రియమైన సుమతికి,

ఉత్తరం అందింది. అక్షరదోషాలు లేవు. దోషాలు వేరే చోట ఉన్నాయి, ఎర్రసిరాతోనే అడుగుతున్నాను.

ఒకటి. పెళ్ళయిన కొత్తలో నన్ను తిరుమల కొండ నడిపించి, మోకాళ్ళు పట్టుకున్న నన్ను చూసి పకపకా నవ్విన మనిషివి. "యాభై దాటాక కైలాసం నడిచే వెళ్దాం" అన్నదానివి. ఇప్పుడేమో కిటికీ దగ్గర కూర్చుంటే ఊళ్ళే నడిచొస్తాయంటున్నావు. ఎప్పటినుంచమ్మా ఈ రాణివాసం?

రెండు. అరగంటలో మూడు పెట్టెలు సర్ది, నిండు గ్యాస్ సిలిండరు ఒంటిచేత్తో దొర్లించుకుపోయే నువ్వు మూడు నెలల ముందు నుంచి రోజుకో వస్తువు సర్దడమేమిటి? మనం ఇద్దరం వెళుతుంటే కళ్ళగంతలు మూడెందుకు?

మూడు. ఇంతకీ ఈ నాని ఎవరు? ఐదు కిలోలు కూడా మొయ్యలేని ఆ మహానుభావుడి సంచీలోకి నా నీలం స్వెటరు ఎందుకు వెళ్ళింది? పెళ్ళయిన మొదటి ఏడు నువ్వే అల్లావు, ఎడమ చెయ్యి కుడిచేతి కన్నా నాలుగు వేళ్ళు పొడుగు. రెండేళ్ళుగా బీరువాలన్నీ వెతుకుతున్నాను. పోయిందనుకున్నాను.

ఇక్కడ పరీక్షల హడావుడి. అన్నయ్య ఏడాది తిథి దగ్గరికొస్తోంది. వదిన నీ గురించి అడిగింది. ఏం చెప్పాలో తెలియక సూరత్‌లో పని ఎక్కువని చెప్పాను.

జవాబు కోసం చూసే,
త్రివిక్రమరావు

*

హజీరా, సూరత్
30 మార్చి 2022

ప్రియమైన మాస్టారికి,

ప్రశ్నపత్రం చూసి నవ్వాగలేదు. మూడింటికీ జవాబు రాయాలా, ఏదైనా ఒకటి వదిలేయవచ్చా?

నాని గురించి అడిగారు. మీలాగా అడుగడుక్కీ ఎదురు చెప్పే రకం కాదు, ఎటు రమ్మంటే అటు రావడమే. అలక లేదు, ఎర్రసిరా లేదు. మంచం పక్కనే పడి ఉండటం, పిలవగానే బయల్దేరడం. పాతికేళ్ళలో మీ దగ్గర చూడని గుణాలన్నీ అక్కడ చూశాను. ఇక స్వెటరంటారా, అది మీ ఒంటి మీద కన్నా అక్కడే బాగా పనికొస్తోంది. బెంగపెట్టుకోకండి.

కళ్ళగంతలు ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని కొన్నాను. అంతే.

మిగతావాటికేం ఉంది, వయసు. అందరూ కొండలెక్కుతూనే ఉంటారా? ఇక్కడ ఎండ ముదిరింది. ఆఫీసులో బల్ల దగ్గర పనే కాబట్టి ఇబ్బంది లేదు. మీ కోసం మంచి చేతిగ్లవ్సులు తెప్పించాను, తొడుక్కుని కూడా ఫోన్ నొక్కవచ్చట. ఓడలో ఒక రాత్రి అందరూ దర్జాగా తయారై భోజనానికి రావాలట. మీకు పట్టుపంచె పెట్టనా, కోటు పెట్టనా? పంచె అయితే లోపల థర్మల్ తప్పదు, కింద నుంచి చలి కొడుతుంది.

మీ వదినగారిని అడిగానని చెప్పండి. ఆవిడకి నేను విడిగా రాయాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

మీ
సుమతి

*

ఖమ్మం
8 ఏప్రిల్ 2022

శ్రీమతి సుమతి గారికి,

నేను నవ్వులాటకి అడగలేదు. మొదటి ఉత్తరంలో నవ్వుతూ రాసి ఉంటాను, అది నా అలవాటు. జవాబు చదివాక నవ్వు రాలేదు.

అనుమానం పెనుభూతమని పిల్లలకి పాఠం చెప్పేవాణ్ణి నేనే. ఆ భూతం ఇప్పుడు మన ఇంట్లో నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను దాన్ని పిలవలేదు. ఒక్కొక్కటే గుర్తు చేస్తాను, నువ్వే చెప్పు.

నిరుడు ఏప్రిల్‌లో అన్నయ్యని కరోనా తీసుకుపోయింది. ఆ రోజు నీ ఫోన్ రాలేదు. మర్నాడూ లేదు. పదిహేడు రోజులు లేదు. మధ్యలో నీ నంబరు నుంచి ఒక్క మెసేజి: ప్లాంటు ఆగకూడదని కొంతమందిని లోపలే ఉంచేశారు, ఫోన్లు గేటు దగ్గర తీసేసుకుంటున్నారు అని. నమ్మాను. సేఫ్టీ మేనేజరువి, నువ్వు లేకపోతే ఎలా అనుకున్నాను. కానీ తోడబుట్టినవాణ్ణి ప్లాస్టిక్ సంచీలో పంపి వచ్చిన రాత్రి నాకు నీ గొంతు కావలసి వచ్చింది. అది లేదు.

ఆ తర్వాత ఫోన్లో రెండు నిమిషాలు. "ఉంటానండీ" అని పెట్టెయ్యడం. దెబ్బలాటలని పేరు పెట్టి ఈ ఉత్తరాలు. మనం ఫోన్లో ఎప్పుడు దెబ్బలాడుకున్నాం? ఎంత ఆలోచించినా ఒక్కటీ గుర్తు రావడం లేదు.

దసరాకి వచ్చావు. రెండు రోజులూ కింద ముందుగదిలో దివాన్ మీదే పడుకున్నావు. మేడమీద మన గదికి రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. పైన దుప్పటి మార్చి, కిటికీ తెరిచి కూర్చున్నాను. "ప్రయాణం బడలిక, కిందే బాగుంది" అన్నావు. నేను పైకి వెళ్ళి ఒక్కణ్ణే పడుకున్నాను. ఆ మాట ఇప్పటిదాకా నిన్ను అడగలేదు, నాకు సిగ్గేసింది.

ఇప్పుడు నాని. మంచం పక్కనే ఉండే నాని. నా స్వెటరు వేసుకునే నాని. నువ్వు నాతో వేళాకోళం ఆడుతున్నావో, నిజాన్నే వేళాకోళంలో చుట్టి ఇస్తున్నావో నాకు తెలియడం లేదు. మిగతా రెండు ప్రశ్నలకీ నువ్వు జవాబు దాటేశావు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది.

నాని ఎవరో తెలిసేదాకా నేను ఆ ఓడ ఎక్కను. పెద్ద సూట్‌కేసులోంచి నా బట్టలు తీసెయ్యి.

త్రివిక్రమరావు

*

ఖమ్మం
11 ఏప్రిల్ 2022

సుమతీ,

నీ జవాబు కోసం ఆగలేకపోయాను. నిన్న ఎల్లవ్వకి ఫోన్ చేశాను. చేయకూడని పనే. అయినా చేశాను.

"ఎల్లవ్వా, ఓడ ప్రయాణానికి మీ అమ్మగారితో నాని కూడా వస్తున్నట్టేనా?" అన్నాను మామూలుగా అడిగినట్టు.

"రాకుంటె ఎట్ల సారూ? నాని లేంది అమ్మ ఎటూ పోదు గద. దవాఖానకు పోయినా పక్కన ఉండాల్సిందే."

"నీకు బాగా తెలుసా?"

"తెల్వకేంది! పోయిన ఎండకాలం పర్వత్ పాటియల నుంచి నేనే దెచ్చిన అమ్మకు. గులాబిరంగు, మస్తు ముద్దుగుంటది. ఏడ మెట్లున్నా నేనే ఎత్తుకుంట, అమ్మను ముట్టనియ్య. జర ఆగు సారూ, పొయ్యి మీద కూర మాడుతాంది" అని పెట్టేసింది.

 మీ ఎల్లవ్వ 'ఉంటడు' అనలేదు. 'ఉంటది' అంది. ముప్పైయేళ్ళుగా వ్యాకరణం చెబుతున్నవాడికి ఒక్క ప్రత్యయం చాలు. మగవాడు కాదు. ఎత్తుకునేంత చిన్నది. పోయిన వేసవిలో, ఊరూరా పిల్లలు తల్లిదండ్రుల్ని పోగొట్టుకుంటున్న రోజుల్లో, మగ్గాల కార్మికులుండే పేట నుంచి ఎల్లవ్వ తెచ్చి నీ చేతిలో పెట్టింది. ఐదు కిలోల బ్యాగ్ ఎందుకో, మూడో కళ్ళగంత ఎవరికో, దవాఖానకి ఎందుకో అన్నీ అర్థమయ్యాయి. టీకాలకనుకుంటాను.

మొదట కోపం వచ్చింది. ఇంత పెద్ద విషయం నాతో చెప్పకుండానా అని. తర్వాత ఎందుకు చెప్పలేదో కూడా తెలిసింది. పిల్లల మాట మనం ఎత్తి పదిహేనేళ్ళయింది. ఎవరి పిల్లనైనా తెచ్చుకుందామని నువ్వు ఆ రోజుల్లో అంటే, మనకి రాసిపెట్టి లేదు వదిలెయ్యమని నేనే కసిరాను. నువ్వు మళ్ళీ అడగలేదు. నేను వద్దంటానని భయపడి ఉంటావు.

వద్దనను సుమతీ. రాత్రంతా ఆలోచించాను, వద్దనలేను. నాకు యాభైనాలుగేళ్ళు, పిల్లకి మహా అయితే ఐదో ఆరో. లెక్క కష్టమే. అయినా నేను అక్షరాలు దిద్దిస్తాను.

పొద్దున్నే బజారుకి వెళ్ళాను. ఇక్కడా ఏప్రిల్‌లో ఉన్నిటోపీ అడిగితే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టే చూశారు. నాలుగో షాపులో పాత సరుకులోంచి ఒక ఎర్రటోపీ తీసి ఇచ్చాడు, పైన కుచ్చు ఉంది. దీంతో పంపుతున్నాను. బిగుతైతే చెప్పు.

నా బట్టలు తీసేశావా? తీసేస్తే మళ్ళీ పెట్టు.

మీ ఇద్దరి,
త్రివిక్రమరావు

*

హజీరా, సూరత్
19 ఏప్రిల్ 2022

ప్రియమైన మీకు,

మీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. కోపంగా ఉన్నది ముందు చదివాను. రెండోది చదివి, టోపీ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. ఎల్లవ్వ పరుగెత్తుకొచ్చి నీళ్ళు తాగించింది.

గుజరాతీలో నాని అంటే చిన్న. నాని బ్యాగ్ అంటే చిన్న సంచీ, అంతే. మగవాడూ లేడు, పిల్లా లేదు. చక్రాలున్న గులాబీరంగు సంచీ అది. పదకొండేళ్ళుగా ఇక్కడ వింటున్న మాట నా నోట్లో తెలుగైపోయింది, రాస్తున్నప్పుడు తేడా తెలియలేదు. మీరేమో వేసవి సెలవులకి వచ్చి, వారం రోజులు ఎండని తిట్టి పోయేవారు, ఒక్క గుజరాతీ ముక్క నేర్చుకోలేదు. నాని ఎవరని అడిగితే తెలిసే పరాచికాలాడుతున్నారనుకున్నాను. నిజం చెప్పనా, మిగతా రెండు ప్రశ్నలూ తప్పించుకోవడానికి ఆ పరాచికాన్నే పట్టుకు వేళ్ళాడాను.

మీ లెక్క అంతా తప్పు. అనుమానం మాత్రం తప్పు కాదు. నేను మీ దగ్గర దాచాను.

ప్లాంటులో నన్ను ఎవరూ ఉంచలేదు. ఆ పదిహేడు రోజులూ నేను ఆసుపత్రిలో ఉన్నాను. చేర్చిన మూడో రోజు బావగారు పోయారని మీ మెసేజి వచ్చింది. ముక్కు మీద ఆక్సిజన్ మాస్కు ఉంది. ఎల్లవ్వని లోపలికి రానివ్వరు, గేటు దగ్గర నిలబడి ఫోన్ చేసింది. "గిప్పుడు జెప్తె సారు గుండె పలుగుతది. అన్న పాయె, ఆలి గిట్ల అంటె ఏమైతడు? నువ్వు లేచినంక జెప్దువు" అంది. నాకు వచ్చినంత టైపు చేసి మీకు ఆ అబద్ధం పంపాను. లేచాక చెబుదామనుకున్నాను. లేచాక మీరు బావగారి పనుల్లో ఉన్నారు. అవయ్యాక చెబుదామనుకున్నాను. అప్పటికి అబద్ధం పెద్దదైపోయింది.

ఊపిరితిత్తులు పూర్తిగా మునుపట్లా కాలేదు. మూడు వాక్యాలు మాట్లాడితే ఆయాసం వస్తుంది, దగ్గు వస్తుంది. ఫోన్లో మీకు వినిపిస్తుందని రెండు నిమిషాలకి పెట్టేసేదాన్ని. ఉత్తరంలో ఆయాసం కనపడదు. మధ్యలో పెన్ను పక్కన పెట్టి ఎంతసేపైనా ఆగవచ్చు. ఈ ఉత్తరం రాయడం మొన్న మొదలుపెట్టాను.

దసరాకి మీరు పైన కిటికీ తెరిచి కూర్చున్నారని నాకు తెలుసు. చప్పుడు వినపడింది. అందరూ పడుకున్నాక లేచి ఐదు మెట్లు ఎక్కాను. ఆరోది నా వల్ల కాలేదు. అక్కడే కూర్చుని, దిగిపోయాను. మీరు పైనుంచి చూస్తారేమోనని భయం, చూస్తే బాగుండుననీ ఉంది.

నాని బ్యాగ్ నాది. ఐదు కిలోలు మించి ఎత్తవద్దని డాక్టరు చెప్పారు. ఆ మహానుభావుణ్ణి నేనే. ఆసుపత్రిలో నాకు బట్టలు పంపడానికి ఎల్లవ్వ పర్వత్ పాటియాలో కొన్నది ఆ సంచీ. దాంట్లో మొట్టమొదట వచ్చింది నేను ఎప్పుడో ఇక్కడికి ఎత్తుకొచ్చిన మీ నీలం స్వెటరు. ఏప్రిల్ ఎండలో కూడా ఆ వార్డులో నాకు వణుకు. పొడుగు చెయ్యిని అరచేతి దాకా లాక్కుని పడుకునేదాన్ని. ఇంటికి బతికి వెళితే, నిజంగా చలేసే చోటికి మీతో వెళ్ళి, ఈ స్వెటరు సరదాకి వేసుకోవాలనుకున్నాను. కైలాసం ఇక నా వల్ల కాదు. అందుకే ఓడ. వెళ్ళవచ్చని, మెట్లు మాత్రం వద్దని డాక్టరు కాగితం రాసిచ్చారు.

పిల్ల లేనందుకు నన్ను క్షమించండి. ఒక్క రాత్రే అయినా మీరు ఆ పిల్లకి ఒప్పుకున్నారు. పదిహేనేళ్ళ కిందటి మాట నా మనసులోంచి పోయింది. ఆ ఎర్రటోపీ నాని బ్యాగ్ పిడికి తొడిగాను. సరిగ్గా పట్టింది.

మీ బట్టలు తియ్యలేదు. రావడం మీ ఇష్టం.

మీ
సుమతి

*

ఖమ్మం
27 ఏప్రిల్ 2022

నా సుమతికి,

కోపం ఉంది. ఇప్పట్లో పోదు. ఓడలో పది రోజులు దెబ్బలాడతాను, నువ్వు కిటికీ దగ్గర కూర్చుని విను. అన్నయ్య పోయిన రాత్రి నువ్వు నాకు ఫోన్ చెయ్యలేదని ఏడాదిగా లోపల దాచుకున్నాను. ఆ రాత్రి నువ్వు ఎలా ఉన్నావో ఇప్పుడు తెలిసి, నన్ను నేను ఏమని తిట్టుకోవాలో తెలియడం లేదు.

మూడడుగుల్లో లోకాలన్నీ కొలిచినవాడి పేరు పెట్టుకున్నాను. మన ఇంటి మెట్లు పదహారు. నువ్వెందుకు ఎక్కలేదో ఒక్క అడుగు కిందికి దిగి చూడలేదు.

నిన్న మనుషుల్ని పిలిచి మేడమీద మంచం కిందికి దింపించాను. ముందుగది కిటికీ పక్కన వేశాం. వదిన వచ్చి దుప్పటి పరిచింది. తనకి అంతా చెప్పాను, నువ్వు రాయనక్కర్లేదు. పైగదికి తాళం వేశాను.

మే పన్నెండున పరీక్షల పని అయిపోతుంది. ఆ సాయంత్రమే సూరత్ రైలెక్కుతాను. ఇంక సర్దకు, మిగిలింది నేను సర్దుతాను. మంకీ క్యాపు నాతో తెస్తున్నాను, ఫొటోలు ఎలా వస్తాయో చూద్దాం. చిన్నని నాని అంటే పెద్దని ఏమంటారో ఎల్లవ్వని అడిగి ఉంచు.

ఈ ఉత్తరం అందిన రోజు సాయంత్రం ఏడింటికి నాకు ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వు, నేను చేస్తాను. రెండు నిమిషాలు కాదు, గంట మాట్లాడతాను. నువ్వు మాట్లాడవద్దు. ఊ కూడా కొట్టవద్దు. ఫోన్ దగ్గర పెట్టుకుని ఊపిరి తీసుకుంటూ ఉండు, నాకు వినపడితే చాలు.

నీ
త్రివిక్రముడు